కీబోర్డు సందేహాలు: మూడో కార్డుకే బేస్ ఎందుకు మాయమవుతుంది?

*అన్నా, నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. పెండ్లిళ్లకు, గణేశ్ మండపాలకు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. పోయినేడు సెకండ్ హ్యాండ్‌లో రోలాండ్ ఎక్స్‌పీఎస్-30 కొన్నాను. మెలోడీ పాటల ముందు వాయించడానికి పియానో, స్ట్రింగ్స్, ప్యాడ్ (వెనక మెత్తగా సాగే శబ్దం), కోయిర్ నాలుగూ ఒకే కీకి మోగేలా కలిపి ఒక లేయర్ చేసుకున్నాను. ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కో కార్డు (కలిపి నొక్కే కొన్ని నోట్లు) పట్టుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. స్టేజీ మీద పెడల్ తొక్కి వరసగా వాయిస్తే మాత్రం మూడో కార్డుకే ఎడమచేతి బేస్ మాయమవుతోంది. ఒక్కోసారి పియానో మధ్యలో తెగిపోతోంది. మెకానిక్‌కు చూపిస్తే బోర్డు పోయింది, మార్చాలన్నాడు. షాపులో పెద్ద మోడల్ తీసుకొమ్మంటున్నారు. లగ్గాల సీజన్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటావు?*
*— ఒక పాఠకుడు, దేవరకొండ*

తమ్ముడూ, బోర్డు మార్చకు. కొత్తది కొనకు. నీ ఉత్తరంలోనే జవాబు ఉంది: ఒక్కో కార్డు విడిగా బాగుంది, వరసగా వాయిస్తే తెగుతోంది. బోర్డు పోయిన కీబోర్డు అలా లెక్క ప్రకారం మూడో కార్డు దాకా ఆగదు.

నీ కీబోర్డు ఒకేసారి 128 వాయిస్‌లు, అంటే 128 విడివిడి శబ్దాలు మోగించగలదు. దాన్నే పాలిఫొనీ అంటున్నాం. 128 వాయిస్‌లంటే 128 కీలు అనుకుంటారు చాలామంది. అక్కడే దెబ్బ తింటారు. రోలాండ్‌లో ఒక ప్యాచ్ (పియానో, స్ట్రింగ్స్ లాంటి ఒక తయారు శబ్దం) లోపల దాన్ని కలిపి తయారుచేసే విడి శబ్దాలు, అంటే టోన్లు, నాలుగు దాకా ఉండొచ్చు. నువ్వు ఒక కీ నొక్కితే ఆ ప్యాచ్‌లో ఆన్‌లో ఉన్న టోన్లన్నీ మోగుతాయి, ఒక్కో టోన్ కనీసం ఒక వాయిస్ తింటుంది. స్టీరియోలో రికార్డు చేసిన శబ్దమైతే ఎడమకు ఒకటి, కుడికి ఒకటి.

నీ లేయర్‌లో పియానోకు 2, స్ట్రింగ్స్‌కు 4, ప్యాడ్‌కు 4, కోయిర్‌కు 2 అనుకుందాం. ఒక్క కీకి 12 వాయిస్‌లు. ఎడమచేత్తో రెండు, కుడిచేత్తో మూడు, మొత్తం అయిదు కీలు నొక్కితే 60. పెడల్ తొక్కి ఉంటే వేలు తీసినా పాత నోట్లు మోగుతూనే ఉంటాయి, కాబట్టి అలాగే ఉంచి రెండో కార్డు వేస్తే 120. ఇంకా 128 లోపే ఉన్నావు. మూడో కార్డు వేశావంటే 180 కావాలి. 52 వాయిస్‌లు ఎక్కడి నుంచో లాక్కోవాలి. మామూలుగా కీబోర్డు అందరికన్నా ముందు మొదలైన నోటును ఆపేస్తుంది. నువ్వు అందరికన్నా ముందు వేసింది ఏది? మొదటి కార్డు ఎడమచేతి బేస్. అందుకే పోయేది అదే. నీ ప్యాచ్‌ల అసలు అంకెలు వేరుగా ఉండొచ్చు. ఎడిట్‌లోకి వెళ్లి ఒక్కో ప్యాచ్‌లో ఎన్ని టోన్లు ఆన్‌లో ఉన్నాయో చూసి ఒక కాగితం మీద రాసుకో. ఈ కాగితం లేకుండా సెట్టింగుల జోలికి వెళ్లొద్దు.

పెడల్ వదిలేసినా వాయిస్ వెంటనే ఖాళీ కాదు. ప్యాడ్‌లకు, స్ట్రింగ్స్‌కు రిలీజ్ ఎక్కువ పెట్టి ఉంటారు కాబట్టి వేలు తీశాక కూడా కాసేపు సన్నగా సాగుతాయి. పెండ్లి బంతిలో తినడం అయిపోయినా విస్తరి ముందు నుంచి లేవని వాళ్ల లాంటివి ఈ తోకలు. వెనక నిలబడ్డ వాళ్లకు చోటుండదు. చాలామంది వేళ్లు లెక్కపెట్టుకుంటారు గానీ వాయిస్‌లను ఎక్కువగా తినేది ఈ తోకలే.

బోర్డు మీద అనుమానం పూర్తిగా తీరాలంటే ఇంట్లోనే పరీక్ష చేసుకో. ఒకే టోన్ ఉన్న ఆర్గాన్ లాంటి ప్యాచ్ తీసుకో. పియానో వద్దు, దాని శబ్దం ఎలాగూ తగ్గిపోతుంది కాబట్టి తెలియదు. పెడల్ లేకుండా కింది నుంచి పైదాకా ఒక్కో కీ నొక్కు. అన్నీ సమానంగా పలికితే కీల కింద ఉండే రబ్బరు కాంటాక్టులు బాగున్నట్టే. కాంటాక్టు పాడైతే ఎప్పుడూ అదే కీ మొరాయిస్తుంది, లేదా పియానోలో ఆ ఒక్క కీ ఉన్నట్టుండి గట్టిగా కొడుతుంది. పాలిఫొనీ సమస్య ఒక కీకి కట్టుబడి ఉండదు, నువ్వు వాయించిన వరసను బట్టి చోటు మారుతుంది. తర్వాత నీ లేయర్ పెట్టి, కింద ఒక నోటు వేసి, పెడల్ తొక్కి, కుడిచేత్తో పైకి వరసగా కీలు నొక్కుతూ పో. ఎన్నో కీకి కింది నోటు ఆగిందో చూడు. పైన వేసిన లెక్కకు అటూ ఇటుగా, పది పదకొండు దగ్గర ఆగితే అంతా అర్థమైనట్టే.

ఇప్పుడు మందు. మొదట ప్యాడ్ తీసేయి. నొప్పిగా ఉంటుంది, తెలుసు. కానీ ప్యాడ్, స్ట్రింగ్స్, కోయిర్ మూడూ ఒకే పని చేస్తున్నాయి. పియానో వెనక నిండుగా పరచుకోవడమే వాటి పని. ఒకే ఎత్తులో మూడు మెత్తటి శబ్దాలు కలిస్తే ఫంక్షన్ హాల్లో అది నిండుదనంగా వినిపించదు, బురదగా వినిపిస్తుంది. పాట పాడే అమ్మాయి గొంతును కూడా అదే మింగేస్తుంది. లేయర్‌లో ప్రతి శబ్దానికీ వేరే పని ఉండాలని నా పట్టుదల. పని లేని శబ్దం ఎంత అందమైనదైనా ఆ పాటకు అక్కర్లేదు.

రెండోది, స్ట్రింగ్స్ ప్యాచ్ తెరిచి నాలుగు టోన్లలో రెండు ఆపు. ఏ రెండు ఆపాలో చెవికి వదిలేయి. ఒక్కొక్కటి ఆపి, మళ్లీ వేసి, తేడా తెలియని వాటిని ఆపేయి. హెడ్‌ఫోన్లో కాదు, స్పీకర్‌లో విని నిర్ణయించు. మన దగ్గర చాలా హాళ్లలో సౌండ్ ఆపరేటర్ నీ దగ్గర ఒక్క వైరే తీసుకుంటాడు. అంటే జనానికి చేరేది మోనో, ఎడమ కుడి తేడా లేని ఒకే శబ్దం. అలాంటప్పుడు స్టీరియో పియానోకు రెండేసి వాయిస్‌లు ఖర్చు పెట్టడం దండగ. పైగా రెండు పక్కల శబ్దం ఒక్క వైరులో కలిసినప్పుడు పియానో పలచబడుతుంది కూడా. మోనో పియానో ఉంటే అది పెట్టుకో, లేదా ఒకే టోన్‌తో నువ్వే చేసుకో.

మూడోది కీ రేంజ్. పెర్ఫార్మెన్స్‌లో (నీ లేయర్ ఉండే చోటు) ఒక్కో పార్టు, అంటే లేయర్‌లోని ఒక్కో శబ్దం, ఏ కీ నుంచి ఏ కీ దాకా పలకాలో పెట్టుకోవచ్చు. స్ట్రింగ్స్, కోయిర్ రెండూ మిడిల్ సి (కీబోర్డు నడిమి సి కీ) నుంచి పైకే పలికేలా పెట్టు. ఎడమచేతి కింద ఒక్క పియానోనే ఉంటుంది. బేస్ గిటార్ వాయించే అన్న పక్కనే ఉన్నప్పుడు నీ కింది నోట్ల మీద కోయిర్ ఎందుకు?

నాలుగోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. పెడల్‌ను పియానోకు మాత్రమే వదిలి, మిగతా పార్టులకు ఆపేయడం. పార్టుల మిడి (నొక్కిన కీలు, పెడల్ సమాచారాన్ని పంపే పద్ధతి) సెట్టింగుల్లో హోల్డ్ రిసీవ్ అని ఉంటుంది. స్ట్రింగ్స్‌కు, కోయిర్‌కు దాన్ని ఆఫ్ చేయి. ఇక నువ్వు పెడల్ ఎంతసేపు తొక్కినా స్ట్రింగ్స్ నీ వేళ్లను బట్టే ఆగుతాయి. పాత కార్డు స్ట్రింగ్స్ కొత్త కార్డులోకి కలిసిపోవు. వాయిస్‌లు మిగలడం సరే, పాటే శుభ్రంగా వినిపిస్తుంది.

ఇప్పుడు మళ్లీ లెక్క వేద్దాం. పియానో 1, స్ట్రింగ్స్ 2, కోయిర్‌లోనూ ఒక టోన్ ఆపితే 1. ఎడమచేయి రెండు కీలకు 2, కుడిచేయి మూడు కీలకు 12. కార్డుకు 14. పెడల్ ఆఫ్ సంగతి పక్కన పెట్టి అన్నీ సాగుతూనే ఉన్నాయనుకున్నా తొమ్మిది కార్డులు పడతాయి. స్టీరియో పియానోనే కావాలని పట్టుబడితే కార్డుకు 19, ఆరు కార్డులు. ఏ పాటలోనూ ఆరు కార్డుల పాటు పెడల్ ఎత్తకుండా ఉండవు కదా.

అయినా శబ్దం పొడిగా అనిపిస్తే రిలీజ్ పెంచొద్దు, రివర్బ్ (పెద్ద హాల్లో వచ్చే ప్రతిధ్వని లాంటిది) పెంచు. రివర్బ్ అన్ని వాయిస్‌లూ కలిసిన తర్వాత పడే ఎఫెక్టు, దానికి పాలిఫొనీ నుంచి ఒక్క వాయిస్ కూడా పోదు. రిలీజ్ తగ్గించి రివర్బ్‌తో ఆ సాగుదల తెచ్చుకుంటే చెవికి తేడా దాదాపు తెలియదు. ఈ ఒక్క మార్పు చేసి మానేసిన వాళ్లకు కూడా సగం ఇబ్బంది తీరడం చూశాను.

ఇంకా రెండు సెట్టింగులు ఉన్నాయి. రోలాండ్ వాళ్ల ఈ తరగతి కీబోర్డుల్లో చాలావాటిలో వాయిస్ రిజర్వ్ ఉంటుంది: ఎంత రద్దీ అయినా ఈ పార్టుకు ఇన్ని వాయిస్‌లు ఉంచాలని ముందే చెప్పడం. పియానోకు కొన్ని అట్టిపెట్టుకో. అలాగే ప్యాచ్ ప్రయారిటీ దగ్గర లాస్ట్, లౌడెస్ట్ అని రెండు ఉంటాయి. లాస్ట్ అంటే కొత్తగా నొక్కిన వాటికి చోటిచ్చి పాతవి ఆపుతుంది. లౌడెస్ట్ అంటే గట్టిగా ఉన్నవి ఉంచి, సన్నబడినవి ముందు ఆపుతుంది. స్ట్రింగ్స్ ప్యాచ్‌కు లౌడెస్ట్ పెట్టి చూడు. పోయేవి ఎవరికీ వినపడని తోకలైతే మంచిదే కదా. కానీ ఇవి రెండూ చివరి మాట. లేయర్ పలచన చేయకుండా వీటితోనే నెట్టుకొస్తానంటే ఒకచోట ఆగిన తెగుడు ఇంకోచోట మొదలవుతుంది.

అంతా కుదిరాక రైట్ (Write) బటన్ కొట్టి యూజర్ మెమరీలో దాచు, పెన్‌డ్రైవ్‌లోనూ ఒక కాపీ పెట్టు. జనరేటర్ మీద నడిచే మండపాల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. సేవ్ చేయని ఎడిట్ కరెంటుతో పాటే పోతుంది.

*సార్, మాది మిర్యాలగూడ. చర్చిలో యమహా పీఎస్‌ఆర్-ఈ473 వాయిస్తాను. డ్యూయల్‌లో పియానో, స్ట్రింగ్స్ పెట్టి ఒంటరిగా వాయిస్తే ఏ ఇబ్బందీ లేదు. స్టైల్ (కీబోర్డే వాయించే తాళం, నేపథ్యం) ఆన్ చేయగానే, ముఖ్యంగా ఫిల్ (మధ్యలో పడే డ్రమ్ ముక్క) పడిన చోట, నా నోట్స్ కొన్ని వినపడటం లేదు. క్రిస్మస్ ఆరాధనకు ముందే సరిచేసుకోవాలని ఉంది.*
*— ఒక పాఠకురాలు*

చెల్లెమ్మా, మీ కీబోర్డుకు 64 వాయిస్‌లు. స్టైల్ ఆన్ చేయగానే ఆ 64 మీ ఒక్కరివి కావు. డ్రమ్స్, బేస్, గిటార్, వెనక ప్యాడ్, అన్నీ అందులో నుంచే తీసుకుంటాయి. ఫిల్‌లో డ్రమ్ దెబ్బలు వరసగా పడతాయి, ఆ పైన సింబల్ మోగి చాలాసేపు సాగుతుంది. మీ నోట్స్ సరిగ్గా అక్కడే పోవడానికి కారణం అదే.

స్టైల్‌లోని పార్టులను విడివిడిగా ఆపుకునే వీలు మీ మోడల్లో ఉంది. మీరే స్ట్రింగ్స్ వాయిస్తున్నారు కాబట్టి స్టైల్‌లోని ప్యాడ్‌ను ఆపేయండి. కార్డులు మీ చేతిలో ఉన్నప్పుడు స్టైల్ కార్డు పార్టుల్లో ఒక్కటి ఉంచుకుంటే చాలు. డ్రమ్స్, బేస్ మాత్రం ఉండనివ్వండి, పాడేవాళ్లకు అవే ఆధారం.

ఇంకో రెండు చూడండి. హార్మనీ బటన్ ఆన్‌లో ఉండిపోయిందేమో. అది మీరు నొక్కని నోట్లను కూడా కలుపుతుంది, వాటికీ వాయిస్‌లు కావాలి. ప్యానెల్లో సస్టెయిన్ ఫంక్షన్ ఆన్‌లో ఉండి, కాలి కింద పెడల్ కూడా ఉంటే రెండు రకాల సాగుదలా ఒకేసారి పడుతుంది. స్టైల్ నడుస్తున్నంతసేపు ప్యానెల్ సస్టెయిన్ తీసేయండి. ఆరాధనలో స్టైల్ లేకుండా నెమ్మదిగా సాగే పాటలకు అదే సస్టెయిన్ ఎంతో బాగుంటుంది. కాబట్టి రెండు రిజిస్ట్రేషన్లు (దాచుకున్న సెట్టింగులు) చేసుకోండి: స్టైల్‌తో ఒకటి, స్టైల్ లేకుండా ఒకటి. పాటకు పాటకు మధ్య ఒక్క బటన్‌తో మారిపోవచ్చు.

*మా బాబు ఎనిమిదో తరగతి. కీబోర్డు నేర్చుకుంటానంటున్నాడు. షాపులో 48 పాలిఫొనీది వద్దు, 128 ఉన్నదే తీసుకోండి, లేకపోతే రెండేళ్లలో మార్చాల్సి వస్తుందంటున్నారు. నిజమేనా?*
*— ఒక తండ్రి, జడ్చర్ల*

కాదండీ. నేర్చుకునే పిల్లవాడికి 48 చాలు. యమహా పీఎస్‌ఆర్-ఈ373 లాంటిది 48 వాయిస్‌లదే, దాని మీద ఏళ్ల తరబడి సాధన చేయొచ్చు. మీరు చూడాల్సింది వేరే: కీలు పూర్తి సైజులో ఉన్నాయా, గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా పలుకుతున్నాయా, పెడల్ పెట్టుకునే చోటు ఉందా. ఈ మూడూ ఉంటే తీసుకోండి. మిగిలిన డబ్బుతో మంచి స్టాండు, పెడల్ కొని, కొన్ని నెలల ఫీజు పక్కన పెట్టండి. బాబు చేతికి పనికొచ్చేది అదే.

*అన్నా, నాకు పాత సింథసైజర్లంటే పిచ్చి. వెనకటి మెషీన్లలో 16 వాయిస్‌లే ఉండేవని చదివాను. మాకు 128 ఉండి కూడా చాలట్లేదు. వాళ్లెలా వాయించారు?*
*— ఇంటర్ విద్యార్థి, గద్వాల*

తమ్మీ, 16 కూడా ఎక్కువే అనిపించిన కాలం ఉంది. 1970లో వచ్చిన మినీమూగ్ ఒకసారికి ఒక్క నోటే పలికేది. కార్డు అన్న మాటే లేదు. 1978లో ప్రాఫెట్-5 వచ్చి అయిదు నోట్లు ఇచ్చింది. 1983లో యమహా డీఎక్స్7 పదహారు ఇచ్చింది. 1987లో రోలాండ్ డీ-50, 1988లో కోర్గ్ ఎం1 వచ్చాయి, అవీ 16 వాయిస్‌లవే. డీ-50లో రెండు టోన్లు కలిపి వాయిస్తే 16 కాస్తా 8 అయ్యేది. అంటే రెండు చేతులూ నిండుగా వేస్తే తోకలకు చోటే లేదు. 1991లో జనరల్ మిడి (వేర్వేరు కంపెనీల మెషీన్లకు ఒకే లెక్క) ప్రమాణం వచ్చినప్పుడు కనీసం 24 వాయిస్‌లు ఉండాలన్నారు. ఒక పూర్తి పాటను, డ్రమ్స్‌తో సహా, అందులోనే ఇమిడ్చేవాళ్లు.

ఎలాగంటే, ఆ మెషీన్ల మీద పనిచేసిన వాళ్లు నోట్లను ఎంచి వాయించారు. బేస్ వేరే వాయిద్యానికి ఉంటే ఎడమచేయి దాన్ని ముట్టుకునేది కాదు. కార్డులో అయిదు నోట్లకు బదులు, రంగు తెలిపే మూడో స్వరం, ఏడో స్వరం రెండే పట్టుకునేవాళ్లు. స్టూడియోలో అయితే ఒక శబ్దం టేపు మీదకు ఎక్కించి, తర్వాత ఇంకోటి. ఒంటరి ఫ్లూట్, సన్నాయి లాంటి శబ్దాలకు మోనో, అంటే ఇక్కడ ఒకసారికి ఒక్క నోటే పలికే పద్ధతి, పెట్టుకునేవాళ్లు. ఇది నీకు ఇవాళే పనికొస్తుంది. బతుకమ్మ పాటకు సన్నాయి వాయిస్తున్నావనుకో, దాన్ని మోనోలో పెట్టు. ఒక సన్నాయి ఒకసారికి ఒక నోటే పలుకుతుంది, మీదపడే తోకలు ఉండవు, జారుడు కూడా సహజంగా వస్తుంది. అసలు సన్నాయి ఊదే పెద్దమనిషి ఎవరైనా మీ దగ్గర ఉంటే వెళ్లి పక్కన కూర్చుని విను. ఏ నోటు దగ్గర ఊపిరి తీసుకుంటాడో గమనించి, నీ కీబోర్డు మీద కూడా అక్కడే వేలు ఎత్తు.

*మాది నల్లగొండ. బతుకమ్మ పాట ఒకటి ఇంట్లోనే లాప్‌టాప్ మీద రికార్డు చేస్తున్నాం. స్ట్రింగ్స్, ఫ్లూట్, పియానో, ప్యాడ్, కోరస్ అన్నీ ప్లగిన్లే (సాఫ్ట్‌వేర్ వాయిద్యాలు). అన్నీ కలిపి ప్లే చేస్తే చిటపటలు వస్తున్నాయి, పియానో నోట్స్ కూడా తెగుతున్నాయి. లాప్‌టాప్ మార్చాలా?*
*— ఒక కాలేజీ బృందం*

మార్చక్కర్లేదు. మీకు ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలు. చిటపటలు ప్రాసెసర్‌కు ఊపిరాడక వస్తున్నవి. రికార్డింగ్ అయిపోయాక బఫర్ సైజు (శబ్దం తయారుచేయడానికి ప్రాసెసర్‌కు ఇచ్చే గడువు) పెంచండి, చాలావరకు పోతాయి. వాయించేటప్పుడు మాత్రం తగ్గించుకోవాలి, లేకపోతే కీ నొక్కాక శబ్దం ఆలస్యంగా వస్తుంది.

పియానో తెగడం వేరు. చాలా ప్లగిన్లలో ఆ ఒక్క వాయిద్యానికి ఎన్ని వాయిస్‌లు అనే గడి ఒకటి ఉంటుంది. అక్కడ 32 లాంటి చిన్న అంకె ఉంటే పెడల్ తొక్కిన పియానోకు చాలదు. పియానోకు పెంచండి, ఫ్లూట్‌కు తగ్గించండి. ఫ్లూట్‌కు అన్ని వాయిస్‌లు ఇచ్చి ఏం లాభం?

ఇక అసలు మందు, ఒక్కో ట్రాక్ పూర్తికాగానే దాన్ని ఆడియోగా మార్చేయడం. మీ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రీజ్ అనో బౌన్స్ అనో ఉంటుంది. ఆడియోగా మారిన ట్రాక్‌కు వాయిస్‌ల లెక్క ఉండదు, ప్రాసెసర్ మీద బరువూ దాదాపు ఉండదు. బయటి కీబోర్డు వాడుకున్నా ఇదే పద్ధతి: మిడి ఒక్కసారి వాయించి, అదే మిడిని కీబోర్డుకు తిరిగి పంపిస్తూ మొదటిసారి పియానోతో, రెండోసారి స్ట్రింగ్స్‌తో, మూడోసారి ప్యాడ్‌తో విడివిడిగా రికార్డు చేయండి. ఒక్కోసారి కీబోర్డులోని వాయిస్‌లన్నీ ఒక్క శబ్దానికే దొరుకుతాయి. ఆపైన ఒక్కోదానికి వాల్యూమ్ విడిగా సరిచేసుకోవచ్చు, స్టేజీ మీద లేయర్‌లో అంత సులువు కాదు. మార్చే ముందు మిడి ట్రాక్ కాపీ ఒకటి పక్కన దాచి మ్యూట్ చేయండి, పాడే అమ్మాయిలు శ్రుతి మార్చమంటే మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.